ప్రమాణము లేని మాట: విలియం పెన్, ఆయన పేరు మోసిన రాష్ట్రము

ధ్యాన భాగములు: కీర్తనలు 15, లేవీయకాండము 25:8-13, మత్తయి 5:33-37

గత వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక వృద్ధురాలు గుడి అరుగుమీద కూర్చుండి మమ్మును పిలిచెను. ఆమె మనుమడు ఉద్యోగ నిమిత్తము అమెరికా దేశములోని పిట్స్‌బర్గు పట్టణమునకు వెళ్లి అప్పటికి మూడు నెలలాయెను. ఆ ఊరు ఏ దిక్కున నున్నది, అక్కడ ఏరున్నదా, కొండలున్నవా, ఆ నేల మొదట ఎవరిది అని ఆమె అడిగెను. పల్లెలో పుట్టినవారు ఏ ఊరిని గూర్చియైనను అడుగునవి ఇవే గదా.

మేము జవాబు చెప్పలేకపోతిమి. వేదాంత పాఠశాలలో మిషను చరిత్ర చదివిన దినములలో పెన్సిల్వేనియా అను పేరును పరీక్ష కాగితములమీద అనేక పర్యాయములు వ్రాసితిమి గాని, అది ఎట్టి దేశమో తెలిసికొనవలెనను తలంపు మాకు ఎన్నడును కలుగలేదు. మన గుంటూరు మండలమునకు సువార్త తెచ్చినవారు ఏ గడ్డనుండి వచ్చిరో ఆ గడ్డ సంగతి మాకే తెలియదని సిగ్గుపడితిమి. బడిపిల్లల పటముల పుస్తకము తెప్పించి, దొరికిన చరిత్రలు చదివి, కొన్ని ఆదివారములు ఆ అవ్వకు అరుగుమీదనే చెప్పితిమి. ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాయుచున్నాము. ఆమెను గూర్చి చివర మరియొక మాట చెప్పవలసి యున్నది.

దేశ స్వరూపము

పెన్సిల్వేనియా అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్య భాగమున నున్నది. దాని వైశాల్యము సుమారు 46,000 చదరపు మైళ్లు. అనగా తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెము పెద్దది. 2020 జనాభా లెక్క ప్రకారము అక్కడ సుమారు 1 కోటి 30 లక్షలమంది కలరు. తూర్పు ఎల్ల డెలావేర్ నది. తక్కిన ఎల్లలు చాలవరకు బద్ద పెట్టి గీసినట్లు తిన్నని గీతలు. దక్షిణపు గీతను మేసన్, డిక్సన్ అను ఇద్దరు కొలతగాండ్రు 1763 మొదలు 1767 వరకు కొలిచి రాళ్లు పాతిరి. పొరుగున నున్న మేరీలాండుతో ఎనుబది సంవత్సరములు నడిచిన పొలిమేర తగవు అట్లు తీరెను. వాయవ్య మూలను ఒక చిన్న ముక్కోణపు భూమిని 1792లో కొని చేర్చుకొనిరి. ఆ కొనుగోలు వలననే ఈరీ అను మహా సరస్సున ఆ రాష్ట్రమునకు చాలినంత రేవు దొరికెను. సముద్రతీరము దానికి లేదు. ఓడలు డెలావేర్ నదిలో ఎగువకు వచ్చి ఫిలడెల్ఫియా రేవును చేరును.

అప్పలాచియన్ కొండలు నైరృతినుండి ఈశాన్యమునకు వరుసలు వరుసలుగా ఆ దేశమునకు అడ్డముగా పడియున్నవి. వాటిని చీల్చుకొని సస్క్వెహానా నది దక్షిణమునకు పారును. ఆ నది ఒడ్డున హారిస్‌బర్గు 1812నుండి రాజధానిగా నున్నది. పడమటి ప్రక్కను అలెఘెనీ నది ఉత్తరమునుండియు, మొనాంగహీలా నది దక్షిణమునుండియు వచ్చి ఒకచోట కలిసి ఒహాయో నదియగును. ఆ సంగమ స్థలమే పిట్స్‌బర్గు. కృష్ణ ఒడ్డున పుట్టిన మన అవ్వ తన మనుమడు మూడేరుల నడుమ నున్నాడని విని కొంత నిమ్మళించెను.

ఆగ్నేయ భాగమున లాంకస్టరు ప్రాంతము బహు సారవంతమైన మాగాణివంటి నేల. ఈశాన్యమున గట్టి బొగ్గు గనులు, పడమట మెత్తని బొగ్గు, టైటస్‌విల్ అను ఊరియొద్ద 1859లో త్రవ్విన నూనె బావి, పిట్స్‌బర్గు ఉక్కు కొలుములు, ఇవి ఆ రాష్ట్రమును ధనవంతముగా చేసెను. అయితే నేలయొక్క సారము వేరు, ఆ నేల చేతికి వచ్చిన విధము వేరు. అవ్వ అడిగిన చివరి ప్రశ్న అదే: ఆ నేల మొదట ఎవరిది? దానికి జవాబు చెప్పవలెనన్న విలియం పెన్ అను భక్తుని జీవితము చెప్పవలెను.

అడ్మిరలు కుమారుడు

విలియం పెన్ 1644వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన లండను పట్టణమందు జన్మించెను. తండ్రి ఇంగ్లాండు నౌకాదళములో అడ్మిరలు. ఐశ్వర్యమును, రాజానుగ్రహమును గలవాడు. జ్యేష్ఠ పుత్రుని గొప్ప ఉద్యోగిగా చూడవలెనని అతని కోరిక. అందుచేత కుమారుని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పంపెను. అక్కడ ప్రభుత్వ సంఘ ఆచారములకు లోబడనందున 1662లో విలియము వెళ్లగొట్టబడెను. తండ్రి కోపించి కొట్టెను. ఆ తరువాత అతని మనస్సు మార్చుటకు ఫ్రాన్సు దేశమునకు పంపెను, న్యాయశాస్త్రము చదివించెను, ఐర్లాండులోని తన భూములు చూచుకొనుమని పంపెను.

ఆ ఐర్లాండులోనే, కార్క్ పట్టణమందు, 1667లో థామస్ లో అను క్వేకరు బోధకుని ప్రసంగము విని విలియం పెన్ ఆ సమాజములో చేరెను. క్వేకర్లు అనగా తమ్మును స్నేహితులని పిలుచుకొను ఒక క్రైస్తవ సమాజము. వారు యుద్ధము చేయరు. ప్రభువు కొండమీది ప్రసంగములో ఒట్టు పెట్టుకొనవద్దని చెప్పెను గనుక న్యాయస్థానములో సహితము ప్రమాణము చేయరు; అవునంటే అవును, కాదంటే కాదు. రాజునెదుట కూడ టోపీ తీయరు, ఏలయనగా ఆ గౌరవము దేవునికి మాత్రమే చెల్లునని వారి నమ్మిక. పెద్దల వీధిలో చెప్పులు చేతపట్టుకొని నడిచిన తాతల సంగతి ఎరిగిన మన పల్లెవారికి, తల మీది టోపీ ఎంత పెద్ద విషయమో వేరుగా చెప్పనక్కర లేదు. ఆ సమాజమువారు బాప్తిస్మమును ప్రభురాత్రి భోజనమును బాహ్య సంస్కారములుగా ఆచరింపరు. ఈ విషయమందు మన సంఘము వారితో ఏకీభవింపదు. అయినను వారు తాము నమ్మినదాని కొరకు చెరసాలలు నింపిరన్న సంగతి మనము ఒప్పుకొనవలెను.

చెరసాలయు, పండ్రెండుగురు మనుష్యులును

1668లో ఒక కరపత్రము ప్రచురించినందుకు పెన్ లండను టవరు అను కోటలో సుమారు ఎనిమిది మాసములు బంధింపబడెను. తన మాట వెనుకకు తీసికొనినయెడల విడుదల కలుగునని తెలిసియు తీసికొనలేదు. ఆ చెరలోనే సిలువను గూర్చిన ఒక ప్రసిద్ధ గ్రంథమును వ్రాసెను.

1670లో జరిగిన సంగతి మరింత ముఖ్యమైనది. క్వేకర్ల ప్రార్థన మందిరమునకు సైనికులు తాళము వేయగా పెన్ వీధిలోనే నిలిచి బోధించెను. అల్లరి పుట్టించెనని నేరము మోపి, అతనిని విలియం మీడ్ అను మరియొకని న్యాయస్థానమునకు తెచ్చిరి. వారి తలలమీద టోపీలు లేకుండగా, న్యాయాధికారి బంటుచేత టోపీలు పెట్టించి, పిమ్మట అవి తీయలేదని జుల్మానా వేసెను! తీర్పు చెప్పవలసిన జూరీలో పండ్రెండుగురు సామాన్య మనుష్యులుండిరి. వారు నేరము కానరాలేదనిరి. న్యాయాధికారి ఉగ్రుడై వారిని ఆహారము, నీళ్లు, నిప్పు లేకుండ రెండు రాత్రులు గదిలో మూసిపెట్టెను. వారు మాట మార్చలేదు. తుదకు వారికే జుల్మానా వేసి చెరసాలలో పెట్టిరి. వారిలో ఎడ్వర్డ్ బుషెల్ అనువాడు పై న్యాయస్థానమునకు మొరపెట్టగా, తీర్పు చెప్పినందుకు జూరీని శిక్షింపరాదని నిర్ణయమాయెను. నేటికిని ఇంగ్లీషు న్యాయపద్ధతి అనుసరించు దేశములలో ఆ నిర్ణయము మూలస్తంభముగా నున్నది.

ఆ విచారణ జరిగిన మాసములోనే అడ్మిరలు మరణించెను. మరణమునకు ముందు తండ్రి కుమారులకు సమాధానము కలిగెను.

అప్పునకు బదులుగా ఒక దేశము

రెండవ చార్లెసు రాజు అడ్మిరలుకు 16,000 పౌనులు బాకీపడి యుండెను. పెన్ ఆ సొమ్మునకు బదులు అమెరికాలో భూమి నిమ్మని అడిగెను. హింసపొందుచున్న తన సమాజమువారికి, ఇతర విశ్వాసులకును, ఒక ఆశ్రయపురము ఉండవలెనని అతని ఆశ. రాజు 1681 మార్చి 4వ తేదీన శాసనము వ్రాయించి ఇచ్చెను. సిల్వేనియా అనగా లాటిను భాషలో అడవుల దేశము. దానిముందు పెన్ అను పేరు చేర్చినవాడు రాజే. అది అడ్మిరలు గౌరవార్థము. తన పేరు దేశమునకు పెట్టుకొనెనని లోకులు గర్వమెంచుదురేమోనని విలియము ఆ పేరు తీయించుటకు ప్రయత్నించెను గాని రాజు ఒప్పుకొనలేదు.

1682లో వెల్కమ్ అను ఓడలో అతడు బయలుదేరెను. సుమారు నూరుమంది ప్రయాణికులలో దాదాపు ముప్పదిమంది మశూచిచేత త్రోవలో చనిపోయిరి. పెన్‌కు బాల్యముననే ఆ రోగము వచ్చి పోయెను గనుక భయపడక రోగులకు పరిచర్య చేసెను. అక్టోబరు మాసాంతమున డెలావేర్ తీరము చేరెను.

అతడు కట్టించిన పట్టణమునకు ఫిలడెల్ఫియా అని పేరు పెట్టెను. ఆ మాటకు సహోదర ప్రేమ అని అర్థము. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములలో ఒకదాని పేరును అదే. 1665లో తెగులును, 1666లో అగ్నియు ఇరుకు సందుల లండనును పాడుచేయగా చూచినవాడు గనుక, డెలావేర్ నదినుండి స్కూల్‌కిల్ నదివరకు తిన్నని వెడల్పు వీధులు వేయించి, నడుమ ఒకటి, నాలుగు దిక్కుల నాలుగు మైదానములు విడువుమని ఆజ్ఞాపించెను. వీధులకు గొప్పవారి పేర్లు గాక చెట్ల పేర్లు పెట్టెను. మరణశిక్షను హత్య, రాజద్రోహము అను రెండు నేరములకు మాత్రమే ఉంచెను. ఒకే దేవుని నమ్మువాడెవడైనను తన మనస్సాక్షి చొప్పున ఆరాధించుకొనవచ్చునని చట్టము చేసెను. జర్మనులు, వేల్సువారు, మెన్నొనైటులు, లూథరనులు, అనేకులు ఓడలెక్కి అక్కడికి వచ్చిరి.

ప్రమాణము లేని నిబంధన

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వచ్చితిమి. ఆ నేల లెనాపే అను జనులది. డెలావేర్ లోయలో వారు బహు తరములుగా మొక్కజొన్న వేసికొని, చేపలు పట్టుకొని, వేటాడుకొని బ్రదుకుచుండిరి. రాజు శాసనము చేతిలో నున్నది గదా అని పెన్ ఊరకుండలేదు. రాజు ఇచ్చినది కాగితము. నేల ఇయ్యవలసినవారు ఆ నేలమీద నున్నవారు అని తలంచి, భాగము వెంబడి భాగము వారియొద్ద కొనెను. బట్టలు, దుప్పట్లు, కుండలు, పనిముట్లు మొదలైనవి వెలగా ఇచ్చెను. ఆయుధములు లేకుండ వారి నడుమకు పోయెను. దుబాసీ లేకుండ మాటలాడవలెనని వారి భాష కొంత నేర్చుకొనెను.

షాకమాక్సన్ అనుచోట ఒక పెద్ద ఎల్మ్ చెట్టుక్రింద ఉభయులు స్నేహ నిబంధన చేసికొనిరని పరంపరగా చెప్పుదురు. ఆ నిబంధన పత్రము నిలువలేదు. గవ్వపూసలతో అల్లిన ఒక పట్టీ మాత్రము ఉన్నది. దానిమీద ఇద్దరు మనుష్యులు చేయి చేయి పట్టుకొని నిలిచియున్నారు. అది లెనాపేలు పెన్‌కు ఇచ్చినదని చెప్పి అతని మునిమనుమడు 1857లో ఫిలడెల్ఫియాలోని చరిత్ర సమాజమునకు సమర్పించెను. ఆ చెట్టు 1810లో గాలివానకు కూలెను. ప్రమాణము చేయకుండ చేసికొని, తప్పకుండ నిలుపుకొన్న ఒడంబడిక అని ఫ్రెంచి రచయిత వోల్టేరు దానిని మెచ్చుకొనెను. క్రైస్తవులను మెచ్చుకొనుట ఆయనకు అలవాటు కాదని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. పెన్ బ్రదికియున్నంత కాలము, ఆ తరువాత మరి కొన్ని సంవత్సరములును, పెన్సిల్వేనియాలో ఆ రెండు జనులకు యుద్ధము లేదు. చుట్టునున్న వలస రాజ్యములలో రక్తము పారుచుండగా ఇక్కడ సైన్యము కూడ లేదు.

ఆయన లోపములు

భక్తుల జీవితములు వ్రాయునప్పుడు లోపములు దాచుట మనలో అలవాటు. గ్రంథకర్తలు దావీదు పాపమును దాచలేదు గనుక మేమును దాచము. పెన్ తన పెన్స్‌బరీ తోటలో దాసులను ఉంచుకొనెను. జర్మన్‌టౌన్ అను ఊరి విశ్వాసులు నలుగురు 1688లోనే దాసత్వము సువార్తకు విరోధమని వ్రాతమూలముగా తెలియజేసిరి. వారును పెన్ ఆహ్వానముమీద వచ్చినవారే; అయినను ఆయన దాసులను ఉంచుకొనుట మానలేదు. పెన్సిల్వేనియా శాసనసభ దాసత్వమును క్రమక్రమముగా తొలగించు చట్టము చేసినది 1780లో.

రెండవ లోపము, తన కాగితములు తాను చదువకుండుట. మేరీలాండు పొలిమేర తగవు కొరకు 1684లో ఇంగ్లాండు వెళ్లిన పెన్ 1699 వరకు తిరిగి రాలేకపోయెను. ఈ మధ్య భార్య గులియెల్మా 1694లో మరణించెను. 1696లో హన్నాను వివాహమాడెను. రెండవ పర్యాయము వచ్చి రెండు సంవత్సరములు కాకముందే మరల వెళ్లవలసి వచ్చెను. తన పేరుగల దేశములో అతడు గడిపినది మొత్తము నాలుగు సంవత్సరములకంటె తక్కువ. వెళ్లుటకు ముందు 1701లో ప్రజల హక్కుల పత్రము ఇచ్చెను. మనస్సాక్షి స్వాతంత్ర్యము అందులో మొదటి మాట. అయితే ప్రభుత్వ ఉద్యోగములు క్రైస్తవులకే అని కూడ అందులో నున్నది. ఫిలిప్ ఫోర్డ్ అను గృహనిర్వాహకుడు తెచ్చిన పత్రములమీద చదువక సంతకములు చేసినందున, దేశమంతయు అతనికి తాకట్టు పడినట్లాయెను. ఫోర్డ్ చనిపోయిన తరువాత అతని కుటుంబము దావా వేసెను. అరువది మూడేండ్ల ప్రాయమున, 1708లో, ఒక దేశమునకు యజమానుడైన పెన్ అప్పుల నిమిత్తము చెరలో నుండెను! 1712లో పక్షవాతము వచ్చి మాట తడబడెను. హన్నాయే ఆరు సంవత్సరములు దేశ వ్యవహారములు నడిపెను. 1718 జూలై 30వ తేదీన ఆయన నిద్రించెను. జోర్డాన్స్ అను పల్లెలో సామాన్యమైన సమాధిలో పాతిపెట్టబడెను.

కుమారులు నడిచిన నడక

హన్నా కుమారులు జాన్, థామస్, రిచర్డ్ ఆ దేశమునకు యజమానులైరి. తండ్రి భూమి వారికి వచ్చెను. తండ్రి మాట వారికి రాలేదు. 1737లో జాన్, థామస్ ఇరువురును తమ వ్యవహర్తతో కలిసి, ఏబది సంవత్సరముల క్రిందటిదని ఒక పాత పత్రము బయటికి తీసిరి. అందులో ఒక మనుష్యుడు దినమున్నరలో నడువగలిగినంత దూరము లెనాపేలు ఇచ్చిరని ఉన్నదట. లెనాపేలు తండ్రిమీది నమ్మకముచేత ఒప్పుకొనిరి. వారి తలంపులో నడక అనగా ఏటి వెంబడి నిదానముగా, మధ్య మధ్య కూర్చుండి, పొగత్రాగి, భోజనము చేసి నడుచుట. యజమానులైతే ముందుగానే అడవిలో త్రోవ కొట్టించి, వడిగా నడుచువారిని ముగ్గురిని ఎంపికచేసి, సెప్టెంబరు 19వ తేదీన రైట్స్‌టౌనునుండి పంపిరి. ఇద్దరు సొమ్మసిల్లిరి. ఎడ్వర్డ్ మార్షల్ అనువాడు మాత్రము అరువది మైళ్లకు పైగా పోయెను. అక్కడితో ఆగక, అతడు నిలిచిన చోటునుండి నదికి దగ్గరి గీత గాక, ఎక్కువ భూమి చిక్కునట్లు వాలు గీత గీయించిరి. లక్షలాది ఎకరములు ఆ దినమున్నరలో పోయెను.

కాగితము చూచినవారికి అది సక్రమమే. ఒక్క అక్షరము తప్పలేదు. కాని తండ్రి ప్రమాణము లేకుండ ఇచ్చిన మాటను కుమారులు పత్రము చేతపట్టుకొని తప్పిరి.

దాని ఫలము 1755లో వచ్చెను. ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని యుద్ధము కలుగగా లెనాపేలు అనేకులు పెన్సిల్వేనియా పొలిమేర గ్రామములమీద పడిరి. నిరపరాధులైన సేద్యగాండ్రు కుటుంబములతో చనిపోయిరి. 1756లో ఈస్టన్‌లో జరిగిన సమాధాన సభలో లెనాపే నాయకుడు టీడ్యుస్కంగ్ నేలను తట్టి, మోసముచేత తీసికొనబడిన భూమి ఇదియే అని తెలియజేసెను. ఆ సంవత్సరమే క్వేకర్లు అనేకులు యుద్ధమునకు ఒప్పుకొనలేక శాసనసభ విడిచిరి. 1763లో, పెన్‌తో 1701లో నిబంధన చేసికొని సమాధానముగా నున్న కోనెస్టోగా జనులను, ఇరువదిమందిని, పొలిమేర గుంపు ఒకటి పసిపిల్లలతో కూడ చంపివేసెను. లెనాపేలు పడమటికి, ఇంకను పడమటికి తరుమబడిరి. నేడు వారి సంతతివారు ఓక్లహోమా, విస్కాన్సిన్ రాష్ట్రములందును, కెనడా దేశమందును ఉన్నారు. తమ స్వంత లోయలో వారికి అప్పగింపబడిన భూమి లేదు.

సౌలు గిబియోనీయులను చంపినప్పుడు, యెహోషువ వారితో చేసిన నిబంధన బహుకాలము క్రిందటిదని దేవుడు విడిచిపెట్టలేదు. మూడు సంవత్సరములు కరవు రాగా దావీదు కారణము విచారింపవలసి వచ్చెను. తండ్రులు ఇచ్చిన మాట బిడ్డలమీద నిలిచియుండును.

గంటమీద వ్రాయని సగము

1751లో పెన్సిల్వేనియా శాసనసభ ఒక పెద్ద గంటను తెప్పించెను. 1701నాటి హక్కుల పత్రమునకు ఏబదియవ సంవత్సరము వచ్చినదని, లేవీయకాండము 25వ అధ్యాయము 10వ వచనమును దానిమీద పోతపోయించిరి. 1776లో స్వాతంత్ర్య ప్రకటనయు, 1787లో రాజ్యాంగమును ఏ మందిరమందు సిద్ధమాయెనో ఆ మందిరపు గోపురములో ఆ గంట ఉండెను. నేడు బీట వారి, మ్రోగక, ఫిలడెల్ఫియాలో చూపబడుచున్నది.

చదువరులు తమ బైబిలు తెరచి ఆ వచనము పూర్తిగా చదువవలెను. ఏబదియవ సంవత్సరమున దేశవాసులందరికి విడుదల చాటింపవలెనని మొదటి సగము. ప్రతివాడు తన స్వాస్థ్యమునకు తిరిగి రావలెనని తరువాతి సగము. గంటమీద మొదటి సగమే ఉన్నది. నడక కొనుగోలు జరిగి అప్పటికి పదునాలుగు సంవత్సరములే. చోటు చాలక విడిచిరో, తలంపునకు రాక విడిచిరో మేము చెప్పలేము. వాక్యములో మనకు కష్టము లేని సగమును కంచుమీద పోయించి, పొలము తిరిగి ఇయ్యవలసిన సగమును విడుచుట మాత్రము ఆ దేశమువారికే గల తెగులు కాదు.

గుంటూరునకు వచ్చిన ఫలము

పెన్ విత్తిన మంచి విత్తనము చావలేదు. ఆయన తెరచిన తలుపున వచ్చిన జర్మను లూథరనులను హెన్రీ మెల్కియోర్ మూలెన్‌బర్గ్ గారు కూడదీసి 1748లో పెన్సిల్వేనియా మినిస్టేరియమును స్థాపించిరి. ఆ మినిస్టేరియము పంపిన హయ్యర్ గారు 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. జర్మనీలో పుట్టి, పదునాలుగేండ్ల ప్రాయమున ఫిలడెల్ఫియా చేరి, పెన్సిల్వేనియా సంఘములలో బోధించినవారాయన. ఫిలడెల్ఫియాలో వైద్యము చదివిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో వచ్చి, గుంటూరు ఆసుపత్రి కట్టించి, 1930లో ఇక్కడనే నిద్రించిరి. ఆ ఆసుపత్రిలో పుట్టినవారు మన సంఘములలో ఎందరో కలరు. మనస్సాక్షి స్వాతంత్ర్యముయొక్క మరియొక ఫలము కూడ చెప్పవలెను: 1970ల దశకమున పిట్స్‌బర్గు ప్రక్కనే మన హిందూ సోదరులు శ్రీ వేంకటేశ్వర ఆలయము కట్టుకొనిరి. తమ ఆరాధన నిమిత్తము చెరపడిన పెన్, ఇతరుల ఆరాధనకు అడ్డు పెట్టక వేసిన త్రోవ కొనసాగిన కొలది వెడల్పాయెను.

అవ్వను గూర్చి ఒక మాట

ఈ సంగతులన్నియు విని ఆ అవ్వ చాలసేపు మాటలాడలేదు. ఏమియు అడుగలేదు. అడిగియుండిన మాకు కొంత సులభముగా నుండెడిది.

ఐదు సంవత్సరముల క్రిందట ఆమె అన్న మరణశయ్యపై నుండి, తన ఇద్దరు కుమారులను పిలిచి, విధవరాలై తమ ఇంటనే కష్టపడిన తన చెల్లెలికి బావి ప్రక్క ఇరువది సెంట్లు ఇయ్యవలెనని చెప్పెను. కాగితము లేదు. కుమారులు సరేననిరి. అప్పుడు ప్రార్థన చేసి ఆమేన్ అన్నవారము మేమే. మరుసటి సంవత్సరము ఆ ఇరువది సెంట్లును గట్టు కలిపి దున్నిరి. సరిహద్దు రాయి కానరాలేదు. మేము చూచితిమి, ఊరకుంటిమి. పెద్ద కుమారుడు సంఘపెద్ద. గుడి కప్పునకు ఇనుము ఇచ్చినవాడు. నాలుగు సంవత్సరములు ఆ కప్పుక్రింద నిలిచి కీర్తనలు 15వ అధ్యాయము కూడ చదివితిమి.

పెన్ కుమారులను గూర్చి ఆమెకు చెప్పిన తరువాత మాకు నిద్ర పట్టలేదు. ఆ వారమే అన్నదమ్ముల ఇండ్లకు వెళ్లి, వారి తండ్రి చెప్పినది మేము విన్నామని సాక్ష్యము చెప్పి, ఇన్నాళ్లు నోరు మూసికొనినందుకు మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. చిన్నవాడు తన వంతు పది సెంట్లు కొలిచి ఇచ్చి రాయి పాతెను. పెద్దవాడు ఆ దినమునుండి గుడి మెట్టు ఎక్కలేదు. అతని కొరకు ప్రార్థించుచున్నాము. ఆ అవ్వ సెలవిచ్చినందున ఇది వ్రాసితిమి. మనుమనికి ఇంకను చెప్పలేదట. దూరదేశములో నున్న పిల్లవానికి తగవుల మాట యెందుకనెను.

ప్రియ చదువరులారా, ఫిలడెల్ఫియా నగర మందిరపు గోపురముమీద పెన్ విగ్రహము 1894నుండి నిలిచియున్నది. 1984లో అమెరికా ప్రభుత్వము ఆయనను హన్నాను గౌరవ పౌరులుగా ప్రకటించెను. గౌరవములు వచ్చును. అయితే ఆయన మాట నిలుపుటకు అవసరమైన సమయమున నిలువవలసినవారు ఆయన ఇంటివారు, ఆయన సంఘమువారు. మన ఇండ్లలో మృతులైన తండ్రులు, తల్లులు ఎవరికి ఏ మాట ఇచ్చిరో ఈ మాసము కూర్చుండి జ్ఞాపకము చేసికొందము. కాగితము లేని మాటను దేవుడు వినియున్నాడు.

ప్రార్థన: ప్రభువా, మేము విని మరచిన మాటలను మాకు జ్ఞాపకము చేయుము. మాకు నష్టము కలిగినను మాట తప్పని మనస్సు దయచేయుము. తీసివేసిన రాళ్లను మరల పాతుటకు మా చేతులను బలపరచుము. ఆమేన్.